మళ్లీ కుప్పం నుంచే!

మదనపల్లెలో వ్యాయామం మొదలెట్టాలంటే ఒక సోమవారం కావాలి, కొత్త బూట్లు కావాలి, స్టేటస్‌లో పెట్టుకోవడానికి ఒక సూర్యోదయం కావాలి. నడక మీ ఇష్టం. మూడోనాడు తుంపర. నాలుగోనాడు బావమరిది పెళ్లి. ఐదోనాడు పెళ్లిభోజనం అరగలేదు. అంతే, వ్రతభంగం! వ్రతం చెడ్డాక ఫలమైనా దక్కాలని రెండు బోండాలు అదనం. మళ్లీ ఎప్పుడయ్యా అంటే వచ్చే సోమవారం. అదీ తప్పితే ఒకటో తారీఖు, ఆపైన ఉగాది.

ఆగిన నడక ఎలా సాగుతుందో చూడండి. 2023 జనవరి 27న తెలుగుదేశం నాయకుడు నారా లోకేశ్ కుప్పంలో యువగళం పాదయాత్ర మొదలుపెట్టారు. అనుకున్నది నాలుగు వేల కిలోమీటర్లు. సెప్టెంబరు 9న తండ్రి అరెస్టుతో కోనసీమలో ఆగింది. రెండున్నర నెలల తర్వాత, నవంబరు 27న, ఆగిన పొదలాడ నుంచే కదిలింది. డిసెంబరు 18న 3,132 కిలోమీటర్ల దగ్గర ముగిసింది. నాలుగు వేలు కాలేదు, ఆకాశమూ ఊడిపడలేదు. ఆ పార్టీ మీకు నచ్చనక్కర్లేదు. ఓట్ల కోసం నడిచారంటారా? నిజమే, ఓట్లు పడతాయంటే మనమూ నడుస్తాం. కానీ అదే మన పుంగనూరు నడకవీరుడైతే? పొదలాడలో బస్సెక్కి కుప్పం తిరిగొచ్చేవాడు. కొత్త బూట్లు కొని, ముహూర్తం చూసుకుని, మళ్లీ మొదటి అడుగు ఫొటో దిగేవాడు. మన వీరుడి నడక చరిత్రలో రెండో వారం అన్నదే లేదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ఒక పత్రం అచ్చేశారు. అలవాటు కుదురుకోవడానికి ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 254 రోజుల దాకా పట్టొచ్చని వాళ్ల అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ లేదట. ఈ కబురు మన ఊళ్లకు రానీయకండి. ఉన్న ఒక్క సాకూ పోతుంది.

మనవాళ్ల ఒంట్లో ఓపిక లేదనుకునేరు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకునేదీ, చెప్పుల్లేకుండా తిరిగేదీ వీళ్లే. అలిపిరి మెట్లెక్కేదీ వీళ్లే. మోకాలినొప్పికి స్వామి అంటే భయం, డాక్టరంటే లెక్కలేదు.

సర్కారూ మన బాపతే. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ తీరాన మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేసి గిన్నిస్‌కెక్కారు. జూన్ 22న ఎందరు వేశారో లెక్కపెట్టే గిన్నిస్ ఇంకా పుట్టలేదు.

1895లో ఇదే మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చిన్నప్పుడు మలేరియాతో మూలిగిన బక్కపిల్లాడు. ఎనభై దాటాక కూడా ఆసనాలు వేసేవారు, చకచకా నడిచేవారు. ఎవరినీ అనుసరించవద్దని ఆయన లోకమంతా తిరిగి బోధించారు. సొంతూరివాళ్లు ఆ బోధను నడక విషయంలో మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.