శ్రీదేవి జనన వాక్యము: సటీకా తాత్పర్యము

అవతారిక. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. సినిమా పేజీల వారికి ఆ ఒట్టు అంటలేదు. అంచేత తారల బాల్యచరిత్రలు వ్యాఖ్య లేక, పరిష్కర్త లేక, ఒకరి దగ్గర్నుంచి ఒకరు నకలు దింపుకోగా, నకలుకో తప్పు కూడబెట్టుకుంటూ మన దాకా వచ్చాయి. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైన వాక్యమొకటి ఇక్కడ వ్యాఖ్యానింపబడుతున్నది. కర్త అజ్ఞాతుడు. పారాయణ దినాలు రెండు: జయంతి ఆగస్టు 13, వర్ధంతి ఫిబ్రవరి 24. పాఠం ఊరికో రకంగా ఉంటుంది గానీ సారం ఇదే.

మూలము. తమిళనాడు రాష్ట్రం విరుదునగర్ జిల్లా శివకాశిలో 1963 ఆగస్టు 13న జన్మించిన శ్రీదేవి నాలుగో యేటనే ‘తుణైవన్’ చిత్రంతో వెండితెరపై అడుగుపెట్టింది.

ప్రతిపదార్థము. తమిళనాడు రాష్ట్రం = మద్రాసు రాష్ట్రమని గ్రహించవలెను. 1963లో తమిళనాడు అనే రాష్ట్రం లేదు. ఆ పేరు అమల్లోకి వచ్చింది 1969 జనవరి 14న. విరుదునగర్ జిల్లా = ఇదీ లేదు. రామనాథపురం జిల్లాను విడగొట్టింది 1985లో. అప్పుడు కూడా ముందు కామరాజర్ పేరు పెట్టి, తరువాతే విరుదునగర్ అన్నారు. 1985కి మన కథానాయిక ‘హిమ్మత్‌వాలా’ కూడా చేసేసి రెండేళ్ళయింది. శివకాశి = శివకాశి దగ్గరి మీనంపట్టి అనే పల్లె. టపాసుల ఊరు పేరు పది మందికీ తెలుసు, పల్లె పేరు తెలియదు. కాబట్టి కర్త పల్లెను ఊళ్ళో కలిపేశాడు. వెరసి మూలకర్త ఆ శిశువును లేని రాష్ట్రంలో, లేని జిల్లాలో, పక్క ఊళ్ళో పుట్టించాడు. మూడు మాటల్లో మూడు దోషాలు సాధించడం సామాన్యమైన ప్రతిభ కాదు.

తండ్రి అయ్యప్పన్ ఆ ప్రాంతపు వాడే, న్యాయవాది. తల్లి రాజేశ్వరి తిరుపతి ఆవిడ. అంటే మనం ‘మన శ్రీదేవి’ అంటే అది అల్లుకున్న చుట్టరికం కాదు, అమ్మగారి వైపు చుట్టరికమే. పుట్టినప్పటి పేరుగా పత్రికల్లో కనిపించే ‘శ్రీ అమ్మ యాంగర్ అయ్యపన్’లో మూడో పదం ఏ భాషదో, ఏ విభక్తో వైయాకరణులకు వదిలేస్తున్నాను.

1963 ఆగస్టు 13 = మంగళవారం. నమ్మనివారు పాత పంచాంగం తిరగేసుకోవచ్చు. మంగళవారం కుమారస్వామికి ఇష్టమైన రోజు. ‘తుణైవన్’లో ఆ పిల్ల వేసింది కూడా బాలమురుగన్ వేషమే. మూలకర్త దృష్టికి ఇది రాలేదు. వచ్చుంటే ఈ సంగతి పళని కొండ ఎక్కి ఉండేది.

నాలుగో యేటనే = ఇక్కడ కొంచెం నిలబడాలి. వాక్యానికి ప్రాణం ఇదే, రోగమూ ఇదే.

వయసు చెప్పడంలో మనకు రెండు లెక్కలున్నాయి: నిండినవి, నడుస్తున్నవి. నాలుగో యేడు నడుస్తోందంటే మూడు నిండాయన్నమాట. ‘తుణైవన్’ వచ్చింది 1969లో. ఆ ఏడాది ఏ నెలలో విడుదలైందనుకున్నా పిల్లకు అయిదేళ్ళు నిండే ఉంటాయి. నడుస్తున్నది ఆరో యేడు లేదా ఏడో యేడు. నిండిన లెక్కకూ నాలుగు రాదు, నడిచే లెక్కకూ రాదు.

పూర్వపక్షము: విడుదల ఎప్పుడైతేనేం, షూటింగు ముందే జరిగి ఉంటుంది కదా?

సమాధానము: ఉండవచ్చు. అయితే నాలుగు నిండి అయిదు నిండకుండా ఉండాలంటే ఆ పిల్ల మీద తీసినదంతా 1968 ఆగస్టు 12కి పూర్తి కావాలి. మూలకర్త చెప్పిన నాలుగో యేడే నిజం కావాలంటే 1967 ఆగస్టు 12కే పూర్తి కావాలి. కాల్షీటు కాగితం చూపించినవారి ముందు వ్యాఖ్యాత తలవంచుతాడు.

పాఠాంతరము: కొన్ని జాబితాల్లో తొలిచిత్రం ‘తుణైవన్’ కాదు, ఎ. పి. నాగరాజన్ తీసిన ‘కందన్ కరుణై’ అని ఉంది. అది 1967 సంక్రాంతికి వచ్చింది. అప్పటికి పిల్లకు మూడేళ్ళు నిండి అయిదు నెలలు. నాలుగో యేడు నడుస్తోంది! చూశారా, అంకె నిక్షేపంగా సరిపోయింది. కాకపోతే పక్క సినిమాకు సరిపోయింది. అక్కడి వయసు ఇక్కడి పేరుకు అతుక్కున్నట్టు నాకు తోస్తున్నది. రెండూ సుబ్రహ్మణ్యస్వామి సినిమాలే కనుక అతుకు కనబడలేదు. మూలకర్త ఏదో ఒకటి వదులుకోవాలి. నాలుగు కావాలంటే ‘తుణైవన్’ పోతుంది, ‘తుణైవన్’ కావాలంటే నాలుగు పోతుంది.

ఆక్షేపము: అయిదయినా పసిపిల్లే కదా, ఏడాది తేడాకు ఇంత రాద్ధాంతమా?

ఈ ప్రశ్న తరచూ ఉప సంపాదకుల నోట వస్తుంది. అసలు పుట్టిన తేదీ అన్నదే మన ఇళ్ళల్లో మొన్నమొన్నటి దాకా బడి పంతులుగారి దయ. చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఆయన కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, అయిదు నిండేట్టు ఒక జూన్ నెల తేదీ వేసేవారు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ కలిపి చట్టం వచ్చిందే 1969లో. అలాంటి తేదీ ఉన్నవాడికి ఒక యేడాది పెద్ద విషయంగా కనబడదు. కానీ శ్రీదేవి విషయంలో ఏడాది ఏడాదికీ విలువ ఉంది. ఎందుకో విశేషంలో చూడండి.

విశేషము. తెలుగులో ఆ పిల్ల ‘మా నాన్న నిర్దోషి’ (1970) నాటికే ఉంది. ‘బడి పంతులు’ (1972)లో ఎన్.టి.ఆర్. మనవరాలు. టెలిఫోను మీద పాట ఉందే, అందులో ఆ నల్లటి పెట్టె చుట్టూ గంతులేసే పిల్లను మళ్ళీ ఒకసారి చూడండి. తొమ్మిదేళ్ళ పిల్ల తొమ్మిదేళ్ళ పిల్లలాగే ఉంటుంది. తెర మీద తన వయసులో తాను కనిపించిన రోజులవి.

1976లో బాలచందర్ ‘మూండ్రు ముడిచ్చు’ తీశాడు. అది మన విశ్వనాథ్ గారి ‘ఓ సీత కథ’కు తమిళ రూపం. విడుదల నాటికి శ్రీదేవికి 13. కథ ప్రకారం ఆమె రజనీకాంత్ తండ్రిని పెళ్ళాడి అతనికి సవతి తల్లి అవుతుంది. రజనీకాంత్‌కు అప్పుడు 25. కొడుకు కన్నా పన్నెండేళ్ళు చిన్నదైన తల్లి! మరుసటి ఏడాది భారతిరాజా తొలిచిత్రం ‘పదినారు వయదినిలే’. పేరులోనే పదహారు; వేసిన అమ్మాయికి 14. దాన్ని రాఘవేంద్రరావు 1978లో ‘పదహారేళ్ళ వయసు’గా తీసినప్పుడు 15. ఆమెకు నిజంగా పదహారు నిండింది 1979 ఆగస్టు 13న. అప్పటికే తమిళంలోనూ తెలుగులోనూ పదహారు అయిపోయింది. అంతకు నెల రోజుల ముందే, జూలైలో, ‘వేటగాడు’ వచ్చింది. అందులో ఆమె 56 ఏళ్ళ ఎన్.టి.ఆర్. పక్కన కథానాయిక. మనవరాలు హీరోయిన్ కావడానికి ఏడేళ్ళు కూడా పట్టలేదు.

అలంకారము: దీన్ని వయోవిపర్యయాలంకారమనవచ్చు. ప్రతాపరుద్రీయంలో లేదు, విద్యానాథుడి కాలానికి డిస్ట్రిబ్యూటర్లు లేరు.

మూలకర్త మురిసిపోయి ‘నాలుగో యేటనే’ అని ఏవకారం వేసింది తప్పు చోట. ఆశ్చర్యపోవలసిన చోటు పదమూడు. నాలుగేళ్ళ పిల్ల దేవుడి వేషం వేస్తే జనం దండం పెడతారు. పదమూడేళ్ళ పిల్ల పెళ్ళాం వేషం వేస్తే టికెట్టు కొంటారు. ఆ పదమూడు అనే అంకె ఏ నివాళి వ్యాసంలోనూ మొదటి వాక్యంలో కనబడదు. తీసివేత చేస్తే గాని బయటపడదు కనుక కనబడదు. నాలుగు మాత్రం తీసివేత చెయ్యకుండానే అందరికీ కంఠస్థం.

విజ్ఞప్తి. ఈ వ్యాఖ్యకు ఇంకా ప్రతులు కావాలి. సినిమా మొదట్లో తెర మీద పడే సెన్సారు సర్టిఫికెట్టు మీద తేదీ ఉంటుంది. పాత ప్రింట్లు చూసేవారు దాన్ని దాటవెయ్యకుండా రాసుకోండి. ‘బేబీ శ్రీదేవి’ అని అచ్చయిన పాటల పుస్తకాలు, నాటి విజయచిత్ర సంచికలు ఎవరి అటక మీదైనా ఉంటే, చెదలు తిన్నవైనా సరే, దయచేసి తూకానికి వెయ్యకండి.