వెనిగర్ బాబాయ్

తెల్లారగట్ల సీతానగరం ఘాట్ వైపు నడకకు వెళ్లే తాడేపల్లి వాసులారా, దయచేసి కుంటకండి. చెప్పు కరిచినా, గులకరాయి గుచ్చుకున్నా పళ్లబిగువున తిన్నగా నడవండి. అడుగు కాస్త వంకరగా పడిందా, వెనకనుంచి ఆ గొంతు పట్టుకుంటుంది: "ఏందబ్బాయ్, బొటనవేలేనా?"

ఆయన అసలు పేరు ఇప్పుడు ఆధార్ కార్డుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ వెనిగర్ బాబాయే. ఈ జాతి ఒక్క మా ఊళ్లోనే పుట్టిందనుకోకండి. ఉండవల్లికొకరు, మంగళగిరికొకరు, కూకట్‌పల్లిలో అపార్టుమెంటుకొకరు చొప్పున ఉన్నారు. కాకపోతే మా బాబాయ్ గుంటూరు మిర్చియార్డులో ముప్ఫయ్యేళ్లు కమీషన్ వ్యాపారం చేసి వచ్చినవాడు. టిక్కీలో చెయ్యిపెట్టి నాలుగు కాయలు లాగి, నలిపి, తేమెంతో తాలెంతో చెప్పేసే చెయ్యి అది. ఆ చేత్తోనే ఇప్పుడు జనం కాలివేళ్లు నొక్కి చూస్తున్నాడు. నొప్పికి మీరు కేకేస్తే ఆయన మొహం వెలిగిపోతుంది. "తేజా రకం ఎరుపు! యూరిక్ యాసిడే. పరగడుపున రెండు చెంచాలు, గ్లాసుడు నీళ్లలో. పది రోజుల్లో ఎగిరిపోద్ది."

ఈ పాండిత్యం ఒక్క రాత్రిలో వచ్చింది. వియ్యాలవారింట తలకాయ కూర, లివర్ వేపుడు, నంజుకోవడానికి ఎండు నెత్తళ్లు, వాటిని లోపలికి తోయడానికి చల్లటి బీరు. మొహమాటానికి తిన్నానంటాడు బాబాయ్. ఏది తిన్నా మొహమాటానికే తింటాడాయన. రాత్రి రెండింటికి కుడికాలి బొటనవేలు భగ్గుమంది. దుప్పటి అంచు తగిలినా ఊరు లేచేటట్టు అరిచాడు. పిన్ని ఫ్యాన్ వేస్తే ఆ గాలికీ అరిచాడు.

మాంసం, చేపలు, బీరుల్లో దండిగా ఉండే ప్యూరిన్లు ఒంట్లో అరిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతాయి. కిడ్నీలు దాన్ని బయటికి పంపాలి. పంపలేక రక్తంలో డెసీలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది కరిగి ఉండలేదు, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుంది. బొటనవేలు ఒంటికి దూరంగా చల్లగా ఉండే చోటు గనుక ముందు అక్కడ దిగుతుంది. దీన్నే గౌట్ అంటారు. డాక్టరు గారు ఇవన్నీ ఓపిగ్గా చెప్పి మూడు పనులు రాశారు: బిళ్లలు, మంచినీళ్లు, నోరు కట్టుకోవడం. బాబాయ్ ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాడు. కొడుకు యాపిల్ సైడర్ వెనిగర్ తాగమన్నాడు. అడుగున మడ్డి ఉన్నదే కొనమని, ఆ మడ్డిని 'మదర్' అంటారని కూడా చెప్పాడు. పిన్ని సీసాని దీపం వెలుగులో పెట్టి చూసి, "అత్తగారు పోయి పన్నెండేళ్లయింది, మళ్లీ సీసాలో దిగిందా" అంది.

పదో రోజుకి నొప్పి పోయింది.

పోక ఏం చేస్తుంది? గౌట్ పోటు ఏ మందూ వేయకపోయినా వారం నుంచి రెండు వారాల్లో తనంతట తానే సద్దుమణుగుతుంది. ఆ సమయానికి చేతిలో ఏ గ్లాసుంటే ఆ గ్లాసుకి కీర్తి. అది మజ్జిగైతే ఈపాటికి ఆయన మజ్జిగ బాబాయ్ అయ్యేవాడు. ఇంకో తమాషా ఏమిటంటే, పోటు మీదున్నప్పుడు రక్తపరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది. అందుకే నొప్పి తగ్గాక కొన్నాళ్లాగి మళ్లీ చూడమంటారు. బాబాయ్ ఆగే మనిషి కాడు. వెనిగర్ మొదలెట్టిన నాలుగో రోజున ల్యాబులో ఇచ్చిన నార్మల్ రిపోర్టును లామినేషన్ చేయించి హాల్లో వేంకటేశ్వరస్వామి పక్కన తగిలించాడు.

సిద్ధాంతం అడగకూడదు గానీ అడిగితే చెబుతాడు. "పైకి పులుపబ్బాయ్. లోపలికెళ్లాక క్షారం అయిపోద్ది. రక్తాన్ని కడిగేస్తది." కడుపులో ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ ముందు సీసాలోని అయిదు శాతం ఎసిటిక్ యాసిడ్ ఏ మూలకి? రక్తం పీహెచ్‌ని 7.4 దగ్గర ఊపిరితిత్తులూ కిడ్నీలూ కలిసి కాపలా కాస్తుంటాయి, రెండు చెంచాలకు చలించవు. వెనిగర్ గౌట్‌ని తగ్గిస్తుందని నమ్మదగిన పరీక్షలో ఎవరూ తేల్చలేదు. అసలు ఈ పిచ్చిని ఇంటింటికీ చేర్చింది అమెరికాలో వెర్మాంట్ డాక్టరు జార్విస్, 1958లో రాసిన పుస్తకంతో. ఆయన వాదన దీనికి సరిగ్గా తిరగేసింది. ఒంట్లో క్షారం ఎక్కువైతే జబ్బు, వెనిగర్ దాన్ని ఆమ్లంగా మారుస్తుంది అన్నాడాయన. సీసా మారలేదు, కారణం మాత్రం తలకిందులైంది. జార్విస్ తేనె కూడా కలపమన్నాడు. తేనెలోని ఫ్రక్టోజ్ యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. ఈ మాట బాబాయ్‌తో అంటే, "అది అమెరికా తేనె. మనది నల్లమల తేనె" అన్నాడు.

తేనెతో ఆగితే బాగుండేది. మంగళగిరి కొండెక్కినప్పుడల్లా పానకం ఉంది. పానకాల స్వామి సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడు. బాబాయ్ తన సగంతోపాటు పక్కవాళ్లది మిగిలితే అదీ ప్రసాదమని తాగేస్తాడు. బెల్లంలోనూ ఫ్రక్టోజ్ ఉందని స్వామి సన్నిధిలో చెప్పే ధైర్యం ఎవరికుంది?

పిన్నికి ఉంది. "పులుపుతో పోయే రోగమైతే గుంటూరు జిల్లాలో పుట్టేదే కాదు" అంటుందామె, రోట్లో గోంగూర నూరుతూ. "పుట్టినకాడి నించి చింతపండు పులుసు, గోంగూర, ఉసిరికాయ, నిమ్మకాయ. ఇన్నిటికి లొంగని వేలు యాపిలు పులుపుకి లొంగిద్దంటనా?" వైద్యశాస్త్రం ఈ విషయంలో ఇంతకన్నా బాగా ఏమీ చెప్పలేదని నా అభిప్రాయం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1780లో తనకూ తన గౌట్‌కీ మధ్య ఒక సంభాషణ రాసుకున్నాడు. అందులో గౌటమ్మ ఆయన తిండినీ, కూర్చున్నచోటు కదలని బద్ధకాన్నీ చెడామడా దులిపేస్తుంది. బాబాయ్‌కి రాసుకునే శ్రమ లేదు, ఆ పాత్ర ఇంట్లోనే ఉంది.

మన ఆయుర్వేదానికీ ఈ జబ్బు పాత చుట్టమే. చరకసంహిత వాతరక్తం కింద చెప్పి, ఆఢ్యవాతమని ఇంకో పేరూ పెట్టింది, అంటే కలిగినవాళ్ల వాతం. 2014 తర్వాత రాజధాని వచ్చి గజం రేట్లు లేచాక తాడేపల్లిలో ఈ రోగం చెప్పుకోవడం కూడా ఒక హోదా అయింది. "నాది ఎనిమిదిన్నర" అంటే "నాది తొమ్మిదీ పాయింట్ రెండు" అని బెంచీ మీద జవాబు. గజం రేటా, యూరిక్ యాసిడా అన్నది కాసేపు వింటే గానీ తెలియదు.

నవ్వులాటకేం గానీ, ఆయన మాట విని బిళ్ల మానేసినవాళ్లను తలుచుకుంటే కోపం వస్తుంది. యూరిక్ యాసిడ్‌ని తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలెట్టిన తొలి నెలల్లో పాత స్ఫటికాలు కరుగుతూ నొప్పి మళ్లీ రేగడం మామూలే. డాక్టర్లు అందుకు తోడుమందు కూడా ఇస్తారు. బాబాయ్ మాత్రం "ఇంగ్లీషు మందు వేడిచేసింది, ఆపెయ్" అని తేల్చేస్తాడు. ఆపితే స్ఫటికాలు మళ్లీ పేరుకుంటాయి, కీళ్లు వంకరపోతాయి, కిడ్నీలో రాళ్లూ పడొచ్చు.

ఆ బిళ్ల వెనక ఒక తెలుగు గడప ఉందని తెలిస్తేనన్నా గౌరవిస్తాడేమోనని చెప్పి చూశాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని బయటపెట్టాడు. ఏటీపీలోని ఎడినిన్ ఒక ప్యూరిన్, అది అరిగి మిగిలేదే ఈ యూరిక్ యాసిడ్. అదే ఫిస్కే దగ్గర ప్యూరిన్లను కొలిచే పద్ధతుల మీద పనిచేసిన కుర్రాడు హిచింగ్స్, తర్వాత గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి అల్లోప్యూరినాల్ తెచ్చాడు. వాళ్లిద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. బాబాయ్ అంతా విని, "భీమవరమా? వాళ్లు రొయ్యలు బాగా వండుతారబ్బాయ్" అన్నాడు.

ఇంతలో పళ్లు జివ్వుమనడం మొదలైంది. బ్యారేజీ దాటి విజయవాడ వెళ్తే, పంటి మీది ఎనామిల్ అరిగింది, రోజూ పుల్లటిదేమైనా తాగుతున్నారా అని అడిగిందట డాక్టరమ్మ. బాబాయ్ మజ్జిగ అని చెప్పి వచ్చాడు. అప్పటినుంచి వెనిగర్ స్ట్రాతో తాగుతున్నాడు.

మొన్న వాళ్లింటికి వెళ్తే కొత్త రిపోర్టు చూపించాడు, 5.6. ఆరు లోపు ఉండాలని డాక్టర్లు చెప్పే లెక్కకి అక్షరాలా సరిపోయింది. నాకు అనుమానం వచ్చింది. పిన్ని నోరు విప్పకుండా వెనిగర్ సీసా అట్టపెట్టె తెచ్చి నా ముందు బోర్లించింది. సగం ఖాళీ అయిన అల్లోప్యూరినాల్ అట్ట జారి కింద పడింది. బాబాయ్ ఏమాత్రం తొణకలేదు.

"అది మందేం కాదబ్బాయ్. వెనిగర్‌కి సాయంగా వేసుకునేది."