గుంపులో గోవిందా గణితం

బ్రోషర్ చూశారా? దళసరి కాగితం. నిగనిగలాడే అచ్చు. మొదటి పేజీలోనే నలుగురు పిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చుని, రంగురంగుల చీటీలు పట్టుకుని పగలబడి నవ్వుతుంటారు. పైన పెద్దక్షరాల్లో: 'మా బడిలో గణితం ఒక ఆట!'

మహబాగు. ఆ ఆట ఏ రోజు ఆడించారు? ఫోటోగ్రాఫర్ వచ్చిన రోజు. మళ్లీ ఎప్పుడు ఆడిస్తారు? మళ్లీ ఫోటోగ్రాఫర్ వచ్చిన రోజు.

మిగతా రోజుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు, నాకూ తెలుసు. మేడమ్ వస్తారు. బోర్డు మీద లెక్క చేస్తారు. 'అర్థమైందా?' అంటారు. 'అయింది మేడమ్!' అని పిల్లలు కోరస్ పాడతారు. నలభై గొంతులు, ఒకటే అబద్ధం. గంట కొడతారు.

ఒమాన్‌లో మస్కట్ నుంచి సలాలా దాకా 20కి పైగా ఇండియన్ స్కూళ్లున్నాయి. 1975లో మస్కట్‌లో మొదలైన వరస అది. ఇవాళ వాటిలో చదివే పిల్లలు 40 వేలకు పైమాటే. మన గోదావరి జిల్లాల వాళ్లు, కడప వాళ్లు, హైదరాబాద్ వాళ్లు కూడా తమ పిల్లల్ని అక్కడికే పంపుతారు. పొద్దున్న బడికి రియాళ్లు కడతారు. సాయంత్రం మస్కట్ రువిలో ఏదో ఫ్లాట్‌లో ట్యూషన్‌కీ రియాళ్లు కడతారు. మొదటిది చెప్పినందుకు. రెండోది అర్థమయ్యేలా చెప్పినందుకు. మరి ఆ మొదటి రియాళ్లు దేనికండీ? బ్రోషర్ అచ్చుకా?

ఈ బడుల సిలబస్ నడిపే ఢిల్లీ పెద్దలు మాత్రం మాట తప్పరు. మాటలే కదా, తప్పడమెందుకు? 2020 జాతీయ విద్యా విధానం ఆటలన్నది, పజిళ్లన్నది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ బొమ్మలతో బోధించడం ఎలాగో ఒక పుస్తకమే వేసింది. సరే, పదో తరగతి లెక్కలకు మార్కులు ఎలా పంచారు? 80 రాతపరీక్షకు. మిగిలిన 20 బడి చేతిలో. అందులో ల్యాబ్ పనులకు దక్కింది ముచ్చటగా 5. ఉపన్యాసం నూటికి నూరు, ఆచరణ నూటికి అయిదు. ఈ మాత్రం శాతాలు వెయ్యడానికి ట్యూషన్ అక్కర్లేదు.

అసలు ఈ బృంద ఆటలు పనికిమాలినవా? కానే కావు. కోపమంతా అందుకే. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు 1989లోనే ఇలాంటి లెక్కలన్నీ చేర్చి పుస్తకం తెచ్చారు. పద్ధతి చాలా చవక. నలుగురు పిల్లలు, నాలుగు చీటీలు. ఎవరి చీటీ వాళ్ల దగ్గరే ఉండాలి. చదివి వినిపించవచ్చు గానీ పక్కవాడి చేతికి ఇవ్వకూడదు. ఒక నమూనా చూడండి. సంచిలో ఖర్జూరాలెన్ని? మొదటి చీటీ: 30కీ 60కీ మధ్య. రెండోది: 7తో భాగిస్తే ఏమీ మిగలవు. మూడోది: 3తో భాగిస్తే 2 మిగులుతాయి. నాలుగోది: బేసి సంఖ్య. జవాబు 35. ఇందులో ఏ ఒక్క చీటీ తీసేసినా జవాబు ఒక్కటిగా తేలదు. కావాలంటే తీసి చూడండి. అంటే వెనక బెంచీలో మూగనోము పట్టిన పిల్ల నోరు తెరవనిదే క్లాసు ఫస్టు కుర్రాడు కూడా గట్టెక్కలేడు. ఖర్చు? నాలుగు కాగితం ముక్కలు. పావు రియాల్ కూడా కాదు.

ఇప్పుడు మన బడి మార్కు 'గ్రూప్ యాక్టివిటీ' చూద్దాం. ఫస్టు కుర్రాడు లెక్క చేస్తాడు. రెండోవాడు చార్టుకి బోర్డర్ గీస్తాడు. మూడో అమ్మాయి స్కెచ్ పెన్నులతో పూలు దిద్దుతుంది. నాలుగోవాడు వాటర్ బాటిళ్లు నింపుకొస్తాడు. నలుగురికీ ఏ గ్రేడే! సహకారమట ఇది! మా ఊళ్లో దీన్ని గుంపులో గోవిందా అంటారు.

జట్టుగా నిజంగా నేర్పే కిటుకు 1970లలోనే తేల్చారు మహాప్రభో. అప్పట్లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జట్టు ఆటల మీదే పద్ధతులు తయారుచేశారు. వాళ్లలో ఒకరైన రాబర్ట్ స్లావిన్ జీవితాంతం చెప్పినవి రెండే షరతులు. గెలుపు జట్టుది కావాలి. ప్రతి పిల్లా విడిగా ఎంత నేర్చుకుందన్న దాన్ని బట్టే ఆ గెలుపు రావాలి. ఈ రెండూ లేకుండా బెంచీలు దగ్గరికి జరిపితే? నడుం నొప్పి వస్తుంది. లెక్కలు రావు.

మరి మన వాళ్లు షరతులు వదిలేసి బెంచీలే ఎందుకు జరుపుతారు? బెంచీలు ఫోటోలో పడతాయి గనక. షరతులు పడవు గనక.

టీచర్‌ను తిట్టిపోయడం తేలిక. ఆవిడ చేతిలో ఏముంది పాపం? గదిలో కదలడానికి చోటు లేదు. పీరియడ్ నలభై నిమిషాలు. యూనిట్ టెస్టు వచ్చే వారమే. పిల్లలు నిజంగా వాదించుకుంటే గోల పుడుతుంది. గోల పుడితే ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గర ప్రత్యక్షమవుతారు. 'క్లాస్ కంట్రోల్ లేదా మేడమ్?' నిన్న వర్క్‌షాప్‌లో 'పిల్లల్ని మాట్లాడనివ్వండి' అని మైకు పట్టుకుని దంచింది ఈయనే!

ఇక మనం, తల్లిదండ్రులం. తీర్పులివ్వడంలో సుప్రీంకోర్టు మన ముందు బలాదూర్. మీటింగ్‌లో అడిగే మొదటి ప్రశ్న: 'మేడమ్, ఆటలాడిస్తే పోర్షన్ ఎప్పుడవుతుంది?' రెండోది: 'మావాణ్ణి డల్ పిల్లల గ్రూపులో వేశారేంటి?' అదండీ మన సహకార స్ఫూర్తి. అసోసియేషన్ ఉగాది వేదిక మీద మాత్రం 'మనమంతా ఒకే కుటుంబం'! ఒమాన్‌లో శుక్రవారం సెలవు కదా, ఏడో తరగతి పిల్లవాడికి హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో ఐఐటీ ఫౌండేషన్. ఏరా, సెలవు రోజైనా ఆడుకోవా? వాడికి తీరికెక్కడిది!

ఒమాన్ సర్కారు బడుల కథ కాస్త వేరు. 1970 నాటికి దేశం మొత్తమ్మీద మూడే బడులు. అక్కణ్ణుంచి లేచి, 1998లో బేసిక్ ఎడ్యుకేషన్ పేరుతో 'ఇక విద్యార్థే కేంద్రం' అని సంస్కరణ మొదలుపెట్టారు. ఫలితం? అంతర్జాతీయ గణిత పరీక్ష టిమ్స్‌లో ఎనిమిదో తరగతికి 2007లో 372, 2019లో 411. కొలబద్ద మధ్య గీత 500. 2011లోనైతే అబ్బాయిలు అమ్మాయిల కంటే 60 పాయింట్లకు పైగా వెనకబడ్డారు. వాగ్దానానికీ తరగతి గదికీ దూరం అక్కడా బోలెడు. కానీ ఒక్క మాట. వాళ్లు పరీక్ష రాశారు. తక్కువొచ్చాయని ప్రపంచానికి చూపించారు. మళ్లీ రాశారు.

మనం? పీసా అంతర్జాతీయ పరీక్ష 2009 విడతలో తమిళనాడు, హిమాచల్‌ను కూర్చోబెట్టాం. లెక్కల్లో 74 చోట్లలో మన కింద కిర్గిజ్‌స్తాన్ ఒక్కటే మిగిలింది. ప్రశ్నలు మన సంస్కృతికి తగినట్టు లేవని తేల్చేశాం. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనదే మరి!

పోనీ దారి తెలియదా? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల్లో పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి, కార్డులతో, ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే పద్ధతి ఎప్పుడో నిలబెట్టారు. తమిళనాడు దాన్ని తీసుకెళ్లి ముందు చెన్నై కార్పొరేషన్ బడుల్లో పెట్టింది, తర్వాత రాష్ట్రమంతా పాకించింది. మన తెలుగు నేల మీద మాత్రం ఊరూరా లేచినవి టెక్నో స్కూళ్లు.

ఆటలు కూడా దిగుమతి చేసుకోనక్కర్లేదు. ఒమాన్‌లో ఇసకలో గుంటలు తీసి హవాలిస్ ఆడతారు. నాలుగు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. మన వామనగుంటలకు స్వయానా బంధువు. రెండింటిలోనూ గింజ వెయ్యాలంటే ముందే లెక్క వెయ్యాలి. ఇద్దరేసి చొప్పున జట్టు కట్టించి, ఏ గుంట ఎందుకు ఎంచారో ఆ జట్టులో ఇద్దరిచేతా విడివిడిగా చెప్పించండి. అదే పాఠం. బ్రోషర్‌లో ఎందుకు కనబడదంటారా? చింతగింజలు నిగనిగలాడే కాగితం మీద బావుండవు కాబోలు.

కాబట్టి అయ్యా, అమ్మా, వచ్చే మీటింగ్‌కి వెళ్లినప్పుడు ఆల్బం చూపిస్తే మూసేయండి. టైమ్‌టేబుల్ అడగండి. ఈ నెలలో జట్టు లెక్కలకు ఎన్ని పీరియడ్లు ఇచ్చారు? మా అమ్మాయి జట్టులో తన వంతుగా ఏం చెప్పింది? జవాబు రాకపోతే రాతలో అడగండి. అడిగాక, 'మావాణ్ణి మంచి గ్రూపులో వెయ్యండి' అని మాత్రం అనకండి.