ఒక్క జీతం, ఎనిమిది కంచాలు

ఆస్పత్రి గోడ మీదా, బస్సు వెనకాలా కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం చూస్తూ పెరిగినవాళ్ళం. ఇద్దరు ముద్దు, ఆపై వద్దు అని చదువుకున్నాం, చదువుకున్నట్టే కన్నాం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గాలి తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు సర్పంచి పదవికి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో రాసుకున్న నిబంధనని 2024లో కొట్టేశారు. జనాభా తగ్గించండని ఒకప్పుడు ఊరూరా చెప్పిన ముఖ్యమంత్రిగారే, ముసలివాళ్ళ రాష్ట్రం అయిపోతున్నాం, కనండి అంటున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఆ పాయింటు ఏడుని పూర్తి చేసి, అక్కడితో ఆగకుండా ఇంకా పైకి వెళ్ళాలని ఉబలాటపడే దంపతుల కోసమే ఈ సూచనలు. ఒక్క జీతంతో ఆరుగురిని పెంచిన తరం చాలావరకు వెళ్ళిపోయింది. కిటుకులు కూడా వాళ్ళతోనే పోతే ఎలా?

ముందుగా జీతం. అది చిన్నదై ఉండాలి. పెద్ద జీతం చేతికొస్తే పొదుపు మీద మనసు నిలవదు. ఒకటో తారీఖున వచ్చిన డబ్బులోంచి పచారీ కొట్టు పద్దు, పాల పద్దు, ఇంటద్దె, చీటీ వాయిదా తీర్చేసి, మిగిలింది పోపుల పెట్టె అడుగున పెట్టాలి. అక్కడ డబ్బు ఉన్న సంగతి ఆయనకి తెలియదని ఆవిడ నమ్మాలి. తనకి తెలిసిన సంగతి ఆవిడకి తెలియదని ఆయన నమ్మాలి. ఇరవయ్యో తారీఖు దాటాక ఇల్లు నడిచేది ఈ రెండు నమ్మకాల మీదే.

ఇక వంటిల్లు. కోడిగుడ్డు ఒకటి, మనుషులు ఇద్దరు. ఉడికిన గుడ్డుని కత్తితో కోయకూడదు. పచ్చసొన కత్తికి అంటుకుంటుంది, అంటుకున్నది ఎవరి వాటాలోంచి పోయిందన్న విచారణ రాత్రి పడుకునేదాకా సాగుతుంది. కుట్టు దారంతో కోయాలి. గుడ్లు మూడే ఉన్నరోజు పులుసు జోలికి పోకుండా అట్టు వేయాలి. శనగపిండి, ఉల్లిపాయలు కలుపుకుంటూ పోతే అట్టు పెనమంత వెడల్పు వస్తుంది, గుడ్డు మాత్రం వాసనకి మిగులుతుంది. కందిపప్పు ధర పెరిగేకొద్దీ పప్పు పప్పుచారవుతుంది, పప్పుచారు చారవుతుంది. చుట్టమొస్తే గ్లాసుడు నీళ్ళు పోయాలి. చుట్టం ఉండిపోతే చింతపండు వేయాలి. పాలపాకెట్టు ఖాళీ అయ్యాక అందులో నీళ్ళు పోసి, ఊపి, ఆ నీళ్ళు కూడా గిన్నెలోకి వంపాలి. నెలాఖరు పది రోజులూ కూర పేరు ఆవకాయ. దసరా వచ్చేసరికి జాడీలో ముక్కలు అయిపోయి ఊట మిగులుతుంది. అప్పుడు ఊటే ఆరోగ్యమని చెప్పాలి. ముక్కలన్నీ ఎవరు తిన్నారని పిల్లలు కొట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్ళకండి. కొట్టుకునేంతసేపు ఆకలి గుర్తుండదు.

వంటింటి పొదుపులో అన్నిటికంటే విలువైనది ఇల్లాలి అభిరుచి. ఆవిడకి కొన్ని ఇష్టాలు గట్టిగా ఉండాలి: గిన్నె అడుగు మాడు, చేప తల, కోడి మెడ, నిన్నటి చద్దన్నం, పెనం మీద చిరిగిన దోసె, మామిడి టెంక. ఇవి పుట్టుకతో వచ్చే ఇష్టాలు కావు. మొదటి కాన్పు తర్వాత మొలకెత్తి, మూడో కాన్పుకి స్థిరపడతాయి. మా అమ్మకి టెంకంటే ప్రాణమని పిల్లలు బళ్ళో గొప్పగా చెప్పుకునేదాకా రావాలి. ఉద్యోగం వచ్చిన కొడుకు సెలవులకి ఇంటికొచ్చి, బజారుకెళ్ళి రెండు కిలోల చేప తెచ్చి, వడ్డించేటప్పుడు తల ఒక్కటీ తీసి ప్రేమగా అమ్మ కంచంలో వేశాడంటే మీ పెంపకం పండినట్టే.

బియ్యం సంగతి చరిత్రతో ముడిపడి ఉంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు మనిషికి 5 కిలోలు, కార్డుకి 25 కిలోలకి మించకుండా ఇచ్చేవారు. అంటే ఇంట్లో అయిదుగురికి ఆకలి వేస్తుందని సర్కారు ఒప్పుకుంది. ఆరో మనిషి నుంచి గాలి భోంచేస్తారని లెక్క. మన పెద్దవాళ్ళు సర్కారుతో వాదన పెట్టుకోలేదు, నూకలు కొనుక్కున్నారు. తెలంగాణలో 2015లో ఆ కార్డు పరిమితి తీసేసి మనిషికి 6 కిలోలు చేశారు. కాబట్టి అక్కడ ఏడో సంతానానికి కూడా అధికారికంగా ఆకలి వేయవచ్చు.

బట్టలు ఏడాదికొకసారి, పండక్కి. తాను మొత్తం కొనేయాలి. మగపిల్లలందరికీ ఒకే గళ్ళ చొక్కా, మిగిలితే ఆడపిల్లలకి గౌన్లు, ఇంకా మిగిలితే దిండు గలేబులు. ఇందులో భద్రత కూడా ఉంది. తిరనాళ్ళలో పిల్లాడు తప్పిపోతే ఫొటో అక్కర్లేదు, దిండు గలేబు చూపిస్తే చాలు. టైలరు దగ్గర పెరిగే పిల్ల, కాస్త వదులుగా కుట్టవయ్యా అనే ఒక్క మాట తప్ప వేరే మాట రాకూడదు. పరికిణీ అంచున మూడు మడతలు లోపలికి కుట్టించి, ఏడాదికొకటి విప్పుకుంటూ పోవాలి. విప్పినచోటల్లా రంగు వెలవని గీత బయటపడుతుంది. చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టు వాటిని లెక్కపెట్టి పిల్ల ఏ క్లాసో చెప్పేయొచ్చు. మూడోవాడి నుంచి కొత్త చొక్కా అంటే కొత్త గుండీలు వేసిన చొక్కా అని ముందే తెలియజేయడం మంచిది.

పుస్తకాలు పెద్దవాడికి సగం ధరకి కొని, అక్కణ్ణుంచి కిందికి దింపాలి. పెద్దవాడు చదువులో ఫస్టు రాకపోయినా ఫరవాలేదు, ఫెయిలు మాత్రం కాకూడదు. వాడు ఫెయిలైతే పుస్తకాలు దిగవు, వాడి వెనకాల క్యూ అంతా ఆగిపోతుంది. సిలబస్ మార్చే సంవత్సరం వస్తే ఏం చేయాలో నాకు కూడా తోచడం లేదు. అది పెద్ద కుటుంబాల మీద సర్కారు పగబట్టడమే. మార్చి పరీక్షలు అవగానే పాత నోటుబుక్కుల్లో రాయని కాగితాలన్నీ చింపి, దబ్బనంతో కుట్టి, జూన్‌కి రఫ్ బుక్కులు చేయాలి. ఒక పేజీ గీతలది, ఒక పేజీ గళ్ళది వస్తుంది. పిల్లలకి సర్దుకుపోవడం అలవాటవుతుంది.

ప్రతి పిల్లాడికీ మూడు వయసులుండాలి: పుట్టిన వయసు, బళ్ళో రాయించిన వయసు, కండక్టరుకి చెప్పే వయసు. బస్సులో పన్నెండేళ్ళదాకా అరటికెట్టు కాబట్టి మూడో వయసు పదకొండు దగ్గర కొన్నేళ్ళు ఆగుతుంది. మీసం వచ్చాక మొహం కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. ఆడపిల్లలే ఉన్న ఇంట్లో ఎక్కడికి వెళ్ళినా ఆయన టికెట్టొక్కటే ఖర్చు. ఆయన్ని ఇంటి దగ్గర వదిలేస్తే అదీ మిగులు.

పెళ్ళిలో పెట్టిన గొలుసుకి రెండు చిరునామాలుండాలి. జూన్‌లో ఫీజులప్పుడు బ్యాంకు, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు మెడ. పేరంటం వస్తే చెల్లెలి గొలుసు అరువు తెచ్చుకోవచ్చు. చెల్లెలిది కూడా బ్యాంకులోనే ఉంటే ఇద్దరూ పసుపుతాడుతోనే వెళ్ళి, ఎండలకి బంగారం పడట్లేదమ్మా, మెడ కందిపోతోంది అని చెప్పుకోవాలి. పేరంటంలో మిగతావాళ్ళకి కూడా అదే జబ్బు ఉంటుంది కాబట్టి ఎవరూ ఆరా తీయరు.

మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టడం లాభం. మగపిల్లాడు పుడితే ఇంటికి ఒక ఆశ వస్తుంది, ఆడపిల్ల పుడితే ఒక చెయ్యి వస్తుంది. తొమ్మిదో ఏటికి చంటివాణ్ణి చంకనెత్తుకోవడం, పదకొండుకి బియ్యం కడిగి ఎసట్లో పోయడం, పదమూడుకి తమ్ముళ్ళ లెక్కలు దిద్దడం వస్తాయి. లెక్కలు బాగా వస్తాయి కూడా. పదో తరగతి మంచి మార్కులతో పాసై, ఇంటర్ చదవడానికి పక్క ఊరు వెళ్తానంటుంది. అప్పుడు కోప్పడకూడదు. ఈ ఒక్క ఏడు ఆగమ్మా, తమ్ముడిది గట్టెక్కనీ అనాలి. ఆ ఒక్క ఏడు పెళ్ళిదాకా ఉంటుంది. ఇంట్లో ఇంతకు మించిన పొదుపు మరొకటి లేదు. అయినా పద్దు పుస్తకంలో దీన్ని ఏ వరసలో రాయాలో ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకంలో ఉప్పు రాస్తాం, అగ్గిపెట్టె రాస్తాం, పోస్టుకార్డు రాస్తాం.

ఆవిడ కూడా ఉద్యోగానికి వెళ్తే రెండు జీతాలు వస్తాయిగా అని ఈకాలం దంపతులు అడుగుతున్నారు. లెక్క తెలియక అడుగుతున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచిన దగ్గర్నుంచి ఆవిడ చేసేదంతా విడదీసి చూడండి. వంటమనిషి, అంట్లమనిషి, ఆయా, ట్యూషను పంతులమ్మ, చిరుగులు కుట్టే దర్జీ, జ్వరం వచ్చిన రాత్రి నర్సు, నీళ్ళు రాని రోజు బిందెలు మోసే కూలీ. వీళ్ళందరికీ ఇవ్వాల్సివస్తే ఆయన జీతం అయిదో తారీఖు చూడదు. అంతకంటే, జనాభా లెక్కలాయన గుమ్మంలో నిలబడి ఆవిడ ఏం చేస్తారండీ అని అడిగినప్పుడు, ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది అనడం చవక.

సర్కారు సాయం కూడా లేకపోలేదు. ఆంధ్రలో ఇదివరకటి అమ్మఒడి పథకంలో పిల్లలు ఎంతమంది చదువుతున్నా తల్లికి ఒక్కరి లెక్కే ఉండేది. 2025లో మొదలైన తల్లికి వందనంలో బడికెళ్ళే పిల్లలందరినీ లెక్కపెట్టి, తలకి 13 వేల చొప్పున తల్లి ఖాతాలో వేస్తున్నారు. అర్హతలన్నీ ఉండి ఆరుగురూ బడికెళ్తే 78 వేలు. తల్లి ఖాతా అంటే ఆవిడ పేరున్న ఖాతా. ఓటీపీ వచ్చే ఫోను ఆయన జేబులో ఉంటుంది.

అదే ఏడాది మార్చిలో విజయనగరం ఎంపీగారు ఇంకో మెట్టు ఎక్కారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతంలోంచి 50 వేలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానన్నారు. డబ్బు అయితే మామూలుగా పోపుల పెట్టెలోకి వెళ్తుంది, అందులో నేర్పాల్సిందేమీ లేదు. ఆవు వస్తే పాల పద్దు కొట్టేయొచ్చు, పిడకలు చేసుకుంటే గ్యాసు కూడా కలిసొస్తుంది. నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళు లిఫ్టు కొలతలు ముందే చూసుకుని, అపార్టుమెంటు సంఘంవాళ్ళతో ఒక మాట అనుకుని ఉంచడం మంచిది. చీకటితో లేచి పేడ ఎత్తి, గడ్డి వేసి, పాలు పితికేది ఎవరన్న అనుమానం ఆయనకి రావచ్చు. బెంగపడక్కర్లేదు. ఆవిడ ఎలాగూ నాలుగున్నరకే లేస్తోంది.