బిర్యానీతో సహా సాహసం

రాయలసీమకు ఇక లోటంటూ మిగిలింది సముద్రం ఒక్కటే. తక్కినవన్నీ ప్రకటనల పుణ్యమా అని ఇంటికొచ్చేశాయి. పెన్నా గట్టుకు అమెరికావాళ్ళ గ్రాండ్ కాన్యన్ వచ్చింది. కణేకల్లు దగ్గర హగరి ఇసుక దిబ్బలకు రాజస్థాన్ వచ్చింది. ఓర్వకల్లు రాళ్ళు ఏ దేశానివో ఇంకా తేలలేదు. రీలు తీసేవాడి ఓపికను బట్టి ఒకనాడు జోర్డాన్, ఒకనాడు చంద్రమండలం. అవుకు రిజర్వాయరులో పడవలు ఎలాగూ తిరుగుతున్నాయి, ఒడ్డున నాలుగు రంగు గొడుగులు పాతితే సముద్రతీరం ముచ్చట కూడా తీరిపోతుంది. అసలు సముద్రం చూడాలంటే కడప నుంచి కొండలు దాటి నెల్లూరు దాకా పోవాలి. ఎందుకంత శ్రమ?

ఈ లోకాలన్నీ కలిపి ఇప్పుడు ఒకే ప్యాకేజీలో అమ్ముతున్నారు. శుక్రవారం రాత్రి బెంగళూరులోనో హైదరాబాదులోనో బస్సెక్కితే తెల్లారేసరికి గండికోట. సూర్యోదయం, కయాకింగ్, తాడు పట్టుకుని బండ దిగడం, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం టెంటు, రాత్రి నెగడు, నెగడు పక్కనే డీజే. ఆదివారం బేలం గుహలు చూపించి సోమవారం ఆఫీసు టైముకు దించేస్తారు. కరపత్రంలో మొదటి వాక్యం: "మానవ సంచారం లేని మారుమూల." చివరి వాక్యం: "కారు పార్కింగ్ సౌకర్యం కలదు." మధ్యలో ఎక్కడో పెద్ద అక్షరాల్లో: "వైల్డ్‌లైఫ్ ఎన్‌కౌంటర్ గ్యారంటీ."

ఈ గ్యారంటీ దగ్గరే నా పేచీ. వైల్డ్‌లైఫ్ అంటే మనకిష్టమైనప్పుడు రానిది. వచ్చి తీరుతుందని హామీ ఇవ్వాలంటే దాన్ని గొలుసేసి కట్టెయ్యాలి, లేదంటే దానికి చిప్స్ అలవాటు చెయ్యాలి. రెండోది మనవాళ్ళు చేసేశారు. ఈ చుట్టుపక్కల మాట నిలబెట్టుకునే అడవి జీవి కోతి ఒక్కటే. యాగంటిలోనూ అంతే, అహోబిలంలోనూ అంతే. చేతిలో సంచి చూస్తే చాలు, చెప్పిన టైముకు ఎన్‌కౌంటర్ చేసిపోతుంది. యాగంటిలో కాకులు లేవంటారు, అగస్త్యుడి శాపమట. ఈ ప్యాకేజీల కాలం వస్తుందని ఆయనకు ముందే తెలిసి వాటిని కాపాడాడేమో.

ముందు ఆ గ్రాండ్ కాన్యన్ సంగతి తేల్చుకుందాం. కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, చాలాచోట్ల లోతు ఒకటిన్నర కిలోమీటరు పైమాటే. ఎర్రమల కొండల్ని పెన్నా కోసిన మన గండి లోతు సుమారు మూడు వందల అడుగులు. కొలతలతో కుస్తీకి దిగితే మొదటి పట్టులోనే వెల్లకిలా పడతాం. అయినా అదే పేరు పట్టుకుని వేలాడుతున్నాం. వయసు మాటెత్తితే కథ వేరే. అక్కడ జనం నిలబడి ఫొటో దిగే అంచురాయి వయసు 27 కోట్ల ఏళ్ళు. ఇక్కడ మీరు కాళ్ళు వేలాడేసి కూర్చునే ఎర్రబండ దానికంటే ఎన్నో రెట్లు పాతది. (అమెరికా లోయ అడుగునా అంత పాత రాళ్ళున్నాయి, కాదనను. సెల్ఫీ దిగేది అడుగున కాదు కదా.) ఈ శిలా సంసారానికంతటికీ భూగర్భ శాస్త్రజ్ఞులు కడప పేరే పెట్టారు, ఏ దేశపు విద్యార్థి అయినా ఈ రాళ్ళ గురించి చదవాలంటే నోరు తిరక్కపోయినా కడప అనాల్సిందే. అలాంటి తాతను పట్టుకుని, "అచ్చం మనవడి లాగే ఉన్నాడే!" అని మురిసిపోవడం మనకే చెల్లింది.

1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే గండికోటకు వచ్చాడు, అంతకు రెండేళ్ళ ముందు కోటను పట్టుకున్న మీర్ జుమ్లాతో బేరం కోసం. కోట గురించి రాసుకున్నాడు, ఫిరంగుల గురించి రాసుకున్నాడు. డీజే లేకుండానే ఆయనకు ఆ ప్రయాణం గుర్తుండిపోయింది. ఇప్పుడు ఆ కోటలోని మాధవరాయస్వామి గోపురం, జామియా మసీదు డ్రోను షాటుకు వెనక తెరలు. ఆ కోటను ఏలిన పెమ్మసాని వాళ్ళెవరో తెలియకపోయినా ఫరవాలేదు, ఏ బండ మీద నిలబడితే నడుము సన్నగా కనిపిస్తుందో గైడుకు తెలిస్తే చాలు.

ఇక కయాకింగ్. నీళ్ళలో సాహసం అంటే గండికోట జలాశయం ముంపు ఊళ్ళ వాళ్ళను అడగాలి. 26.85 టీఎంసీల ఆ జలాశయం నింపడానికి 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు ఖాళీ చేశారు. పరిహారం కోసం ఒకపక్క ధర్నా, ఇంకోపక్క ఎగదన్నుకొస్తున్న నీళ్ళు. లైఫ్ జాకెట్ ఎవరూ ఇవ్వలేదు, టిక్కెట్టు మాత్రం కొట్టలేదు, అది మెచ్చుకోవాలి. ఆ తరువాత మూడేళ్ళకు, 2023 జూలైలో, ఇదే గండికోటలో ఒబెరాయ్ వారి సెవెన్ స్టార్ హోటలుకు శంకుస్థాపన జరిగింది. 2024లో కేంద్రం గండికోట పర్యాటకానికి 77.91 కోట్లు మంజూరు చేసింది. హోటలు రావద్దని ఎవరంటారు, నాలుగు ఉద్యోగాలొస్తే మంచిదే. నా అనుమానం ఒక్కటే. సెవెన్ స్టార్ గదిలో ఏసీ వేసుకుని పడుకుని అద్దంలోంచి ఎండిన కొండను చూసేవాణ్ణి సాహసి అంటే, మే నెలలో అదే కొండ మీద గొర్రెలు మేపేవాణ్ణి ఏమనాలి?

నడక సాహసం సంగతీ అంతే. అహోబిలం కొండల్లోని ఉగ్రస్తంభం ఎక్కడానికి ఇప్పుడు ప్రత్యేకమైన బూట్లు, రెండు చేతికర్రలు, ఎనర్జీ బిస్కట్లు కావాలట. ఎగువ అహోబిలంలో ఏ ఉదయమైనా నిలబడి చూడండి. డెబ్బై దాటిన అవ్వ, నిన్నటి నుంచి ఒక్కపొద్దు, వట్టి కాళ్ళతో జ్వాలా నరసింహుడి దారి పట్టి పోతుంటుంది. బూట్ల బాబు బండ మీద కూలబడి రొప్పుతుంటే, "యాడికి నాయనా, నీళ్ళు తాగుతావా?" అని తన చెంబే అందిస్తుంది. ఆమెకు అది ట్రెక్ అని ఎవరూ చెప్పలేదు. చెబితే భయపడి మానేస్తుందేమో కూడా.

జంతువుల దగ్గరికొద్దాం, ప్యాకేజీ ధరలో సగం వాటిదే కదా. నల్లమల సఫారీకి పోయి పులి కనిపించలేదని అలిగి వచ్చేవాళ్ళు మనకు కొత్త కాదు. బైర్లూటి నుంచి జీపెక్కి, దుప్పుల్ని, నెమళ్ళను, కొండముచ్చుల్ని చూసి, "ఏమీ లేదు, వేస్ట్" అని దిగుతారు. మూడున్నర వేల చదరపు కిలోమీటర్ల అడవిలో పులి వీళ్ళ జీపు కోసం బస్టాపులో నిలబడలేదు మరి. ఆ మాటకొస్తే పులులు ఊళ్ళోకే వచ్చిన రోజు ఏమైందో చూశాం. 2023 మార్చిలో ఆత్మకూరు అడవి అంచున పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు దొరికాయి. ఫొటోలు రాష్ట్రమంతా తిరిగాయి. అటవీ శాఖ వాళ్ళు తల్లి దగ్గరకు చేర్చాలని రోజుల తరబడి అడవిలో కాపు కాశారు, టీ-108 అన్న ఆ తల్లి రాలేదు. కూనలు తిరుపతి జూకు చేరాయి. ఎన్‌కౌంటర్ అంటే అదీ. ఏ కరపత్రంలోనూ అచ్చెయ్యలేదు.

జంతువులు గ్యారంటీగా కనిపించే చోటు నిజంగానే ఒకటుంది, కానీ అక్కడికి బస్సులు పోవు. కర్నూలు పడమటి మండలాల్లో, ఆలూరు, ఆస్పరి, హాలహర్వి వైపు, విత్తనం మొలకెత్తితే చాలు, కృష్ణజింకల మందలు దిగుతాయి. వేరుశనగ చేను తెల్లారేసరికి కళ్ళమే. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, దానిపై చెయ్యెత్తితే కేసు. కాబట్టి రైతు ఏంచేస్తాడు? మంచె మీద కూర్చుని, టార్చి వేసి, రేకు డబ్బా వాయిస్తూ రాత్రంతా నైట్ సఫారీ చేస్తాడు, సీజనంతా, ఉచితంగా. టూరు కంపెనీవాళ్ళు ఒక బస్సును అటు తిప్పితే ఆయనేం కాదనడు. "రాండి సామీ, ఎన్ని కావాలంటే అన్ని జింకలు సూపిస్తాం. డబ్బులొద్దు, పొయ్యేటప్పుడు నాలుగింటిని ఎంటబెట్టుకుపోతే సాలు" అంటాడు.

నిజంగా డబ్బు, ఒళ్ళు రెండూ పణంగా పెట్టే సాహసం చూడాలంటే తొలకరికి తుగ్గలి, జొన్నగిరి వైపు పోవాలి. వాన పడి తెరిపివ్వగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటారు. చెట్టు కిందే వంట, చెట్టు కిందే పడక. దొరికినవాడి కథ పేపర్లో వస్తుంది, దొరకనివాడి కథ వాడి నడుముకు తెలుసు. వీళ్ళకు టెంటు ఇచ్చేవాడు లేడు. పైగా చేను తొక్కుతున్నారని రైతు తిట్లు అదనం.

ఇంతకూ ఈ గడ్డ మీద ప్రపంచంలో ఇంకెక్కడా లేని జీవి ఒకటుంది. దాని మీద ఎవరూ ప్యాకేజీ కట్టలేదు, కట్టలేరు. కలివికోడి. జానెడు పిట్ట, పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. ఎగరడం కన్నా పరుగెత్తడమే దానికి ఇష్టం. 1848లో జెర్డన్ అనే సైనిక వైద్యుడి చలవతో శాస్త్రంలోకెక్కింది, 1900లో అనంతపురం దగ్గర కనిపించింది, ఆ తరువాత అంతరించిందని చేతులు కడుక్కున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల కింద ఒక ఊరి వేటగాడు రాత్రి పూట టార్చి వెలుగులో దాన్ని ప్రాణంతో పట్టుకొచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళ చేతిలో పెట్టాడు. 86 ఏళ్ళ శోకం ఆయన ఒక్క రాత్రిలో తీర్చాడు. పాపం, పిట్ట కొద్దిరోజులకే చనిపోయింది. 1988లో దాని మీద తపాలా బిళ్ళ వచ్చింది, అదే ఏడాది శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం కూడా. పిట్ట పక్కన జెర్డన్ పేరు మిగిలింది. పట్టినాయన పేరు ఎవరూ చదవని పత్రాల్లో ఉంది.

ఆ తరువాత దాన్ని వెతికిన శాస్త్రవేత్తలు ఏంచేశారో తెలుసా? పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి వచ్చి కాలి ముద్రలు చూసుకున్నారు. పిట్టను కాదు, పిట్ట అడుగును. అదే ఎన్‌కౌంటరు వాళ్ళకు. దాని గుడ్డు ఎలా ఉంటుందో కూడా చాలాకాలం తెలియదు. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర సేకరించిన గుడ్డొకటి స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పడి ఉందని 2013లో డీఎన్ఏ పరీక్షతో తేలింది. 2025లో దాని కూత మళ్ళీ రికార్డు చేశామని పక్షి పరిశీలకులు ప్రకటించారు. ఎక్కడ అని మాత్రం అడక్కండి.

అంతటి పిట్ట ఉండేది లోయ అంచున కాదు, జలపాతం పక్కన కాదు. రేగు, బలుసు, కలివి పొదలు అక్కడక్కడా ఉన్న, మధ్యలో మేకలు నడిచిన, ఎవరికీ ఫొటో దిగాలనిపించని చిట్టడవిలో. రెవెన్యూ వాళ్ళ కంటికి బీడు, కాంట్రాక్టరు కంటికి ఖాళీ. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు సరిగ్గా అక్కడికే దిగాయి. గొడవ సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయాక కాలువ దారి మళ్ళింది. రోళ్ళపాడులో బట్టమేకపిట్టకు ఆ అదృష్టమూ దక్కలేదు. 15 కిలోల దాకా తూగే పిట్ట, ఏడాదికి ఒకే గుడ్డు. దాని కోసమే 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం పెట్టారు. చుట్టూ గడ్డి నేలలు సాగులోకి పోయాయి, జలాశయం వచ్చింది, పిట్ట కనిపించడం మానేసింది. దేశం మొత్తం మీద మిగిలిన సుమారు నూటయాభై పిట్టలకు ఇప్పుడు కరెంటు తీగలు యముళ్ళు, ఎదురుగా ఉన్నది వాటికి సరిగా కనబడదు మరి. రోళ్ళపాడులో ఇప్పుడు కృష్ణజింకలు మేస్తున్నాయి. వచ్చినవాళ్ళు వాటిని చూసి, "సఫారీ అదిరింది" అని పోతున్నారు.

లోయ ఉంటే వంద మంది కెమెరాలతో కాపలా ఉంటారు. పొదకు కాపలా ఎవరు? ఆలోచించి ఆలోచించి నేనే ఒక ప్యాకేజీ తయారుచేశాను. పేరు కలివికోడి స్పెషల్. సమయం రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా. లైటు లేదు, పాట లేదు, నెగడు లేదు, ఫోను లేదు. మాట్లాడకూడదు, దగ్గకూడదు, దోమ కుట్టినా చప్పట్లు కొట్టకూడదు. భోజనం రాగి సంగటి, అదీ బయలుదేరక ముందే. పిట్ట కనిపించదని రాతపూర్వకంగా గ్యారంటీ ఇస్తాం. పొరపాటున కనిపిస్తే ఆ పూట రుసుము రెట్టింపు, లొకేషన్ ఎవరికైనా పంపితే డిపాజిట్ గోవిందా. అభయారణ్యంలోకి రాత్రి పూట ఎలాగూ పోనివ్వరు కాబట్టి కార్యక్రమం మీ ఇంట్లోనే జరుగుతుంది. తలుపులు వేసుకుని, లైట్లార్పుకుని, ఆరు గంటలు కదలకుండా కూర్చోండి. డబ్బు మాత్రం ముందే కట్టాలి.