యంత్రాంగశుద్ధి పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం (ఆ.వె.)

గ్రీజు ముందు వదలు కిరసనాయిలుతోడ
పాత రంగు సోడ పాలబడును
నీట కడిగి తుడిచి నిమిష మాగక నూనె
పూయకున్న తుప్పు పూయు నినుము

అవతారిక

పెళ్లిపత్రికలకు పేరుమోసిన ఛత్తా బజార్‌లో ఆఫ్‌సెట్ రాకతో ట్రెడిల్ మెషిన్ల కొలువు పోయింది. అలా వీధిన పడ్డ ఒకానొక మెషిన్ తాలూకు బీడు పళ్లచక్రం పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్‌లో తూకానికి అమ్ముడై, పాతబస్తీలోని ఒక రిపేరు దుకాణానికి చేరింది. ఒంటి మీద మూడు పొరలు: పైన దుమ్ము పట్టి గట్టిపడ్డ గ్రీజు, దాని కింద ఆకుపచ్చ రంగు, అడుగున నారింజ ఎరుపు ప్రైమరు. దాన్ని తిప్పి చూసి ఉస్తాద్ తన చోటూకు చేసిన ఉపదేశమే ఈ పద్యార్థం. ఉస్తాద్ చెప్పింది దక్కనీలో. ఆటవెలదిలోకి దించిన కవి ఎవరో అడగడం మర్యాద కాదు.

వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయకూడదని, అక్కర్లేనిది చెప్పకూడదని ఆయన నియమం. చేతులు కాలే వ్యవహారం కాబట్టి, మూలంలో లేని సంగతులు కొన్ని ఇక్కడ చెప్పక తప్పదు. పెద్దలు క్షమించాలి.

ప్రతిపదార్థం

గ్రీజు = ఖనిజ నూనెలో సబ్బు కలిపి చిక్కబరచినట్టిదీ, ఏళ్ల తరబడి దుమ్ము తిని నల్లబడినట్టిదీ అయిన జిడ్డు; ముందు = సోడా డబ్బా మూత తీయక మునుపే; కిరసనాయిలుతోడ = కిరసనాయిలులో నానబెట్టి కుంచెతో రుద్దుటచేత; వదలు = వదులును; పాత రంగు = నూనెతో చేసిన పాతకాలపు పెయింటు; సోడ = కాస్టిక్ సోడాకు (ఛందస్సు కోసం దీర్ఘం పోయింది, ఘాటు పోలేదు); పాలబడును = చిక్కి, మెత్తబడి, ఊడును; నీట కడిగి = సోడా జారుడు పోయేదాకా మంచినీళ్లతో కడిగి; తుడిచి = బనియన్ గుడ్డతో పంటిపంటి నడుమ తడి ఒత్తి; నిమిషము ఆగక = చాయ్ వచ్చినా సరే ఆగక; నూనె = మెషిన్ ఆయిలును; పూయకున్న = పట్టించకపోయినచో; ఇనుము = బీడు గాని ఉక్కు గాని; తుప్పు పూయును = ఎర్రగా తుప్పు పట్టును.

తాత్పర్యం

ప్రతి మురికికీ దాని మందు వేరు. ఆ మందులకు వరస ఉంది. చివరి మందు మురికికి కాదు, ఇనుముకు.

విశేషాలు

ఈ పద్యానికి ప్రాణం "ముందు" అన్న అవ్యయం. సోడా నీళ్లలో కరిగి పనిచేసేది. పైన గ్రీజు ఉంటే నీరు జారిపోతుంది, రంగును తాకనే తాకదు. పోనీ, సోడా గ్రీజును కూడా తినదా? ఆముదం, కొబ్బరినూనె, జంతువుల కొవ్వు అయితే తింటుంది, వాటిని సబ్బుగా మారుస్తుంది. మెషిన్ గ్రీజులో ఉన్నది ఖనిజ నూనె. అది సబ్బుగా మారే జాతి కాదు, కిరసనాయిలులోనే కరుగుతుంది. పాత పెయింటు సంగతి తిరగబడుతుంది. అవిసె నూనెతోనో ఆ కుదురుకే చెందిన ఆల్కిడ్ రెజిన్‌తోనో చేసింది కాబట్టి కిరసనాయిలుకు చలించదు, సోడాకు సబ్బై లొంగుతుంది. రసాయన శాస్త్రం పేజీ నిండా చెప్పే ఈ భేదాన్ని కవి రెండు పాదాల్లో ఇమిడ్చాడు.

"పాత" అన్నది వ్యర్థ విశేషణం కాదు. ఇప్పటి ఎపాక్సీ, పౌడర్ కోటింగ్ సోడాకు అంత సులువుగా లొంగవు.

"నిమిష మాగక" అన్నది అతిశయోక్తి అని కొందరు. అది స్వభావోక్తి. రంగు, జిడ్డు మురికిగా కనిపించినా ఇన్నాళ్లూ గాలినీ తేమనూ ఆపినవి అవే. అవి పోయిన క్షణాన ఇనుముకు దిక్కులేదు. తడి బీడు కళ్ల ముందే ఎరుపెక్కుతుంది.

ఆక్షేపం, సమాధానం

"సోడా అని మాత్రమే అంటే వంటసోడా అనుకోరాదా?" అనుకోవచ్చు, బజ్జీలకు. "బట్టల సోడా?" తేలిక జిడ్డుకు సరే, రంగుకు చాలదు. "కిరసనాయిలు బదులు పెట్రోలు?" దాని ఆవిరి చలికాలంలోనూ నిప్పంటుకుంటుంది. కిరసనాయిలు అంత తొందరపడదు గాని, ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో దాన్నీ నమ్మరాదు. పక్కన బీడీ వెలిగించేవాడికి ఈ శాస్త్రంలో అధికారం లేదు.

కవి చెప్పనివి

ఒకటి: "పైలే పానీ, బాద్ మే సోడా" అని గురువాక్యం. నీళ్లలో సోడా కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే వేడెక్కి కళ్లలోకి చిమ్ముతుంది. రెండు: మూలంలో "ఇనుము" అని ఉంది, లోహమని లేదు. అల్యూమినియం ముక్కను సోడాలో వేస్తే బుసబుస పొంగి హైడ్రోజన్ వదులుతూ కరిగిపోతుంది. ఇత్తడి చక్రాలూ ఇందులో వేయదగినవి కావు. కనుక చార్మినార్ మీద 1889లో పెట్టిన గడియారాల జోలికి ఎవరూ సోడా డబ్బాతో పోవద్దని మనవి. మూడు: ఆ నారింజ ఎరుపు ప్రైమరు ఎర్ర సీసం కావచ్చు. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో కేంద్రం నియమం చేసింది. ఎప్పుడో రంగు వేసుకున్న మెషిన్‌కు ఆ నియమం తెలియదు. పొడిగా గీకితే ధూళి, మంటతో కాల్చితే పొగ, రెండూ ఊపిరితిత్తులకే చేరతాయి. తడిపి తీయడమే ధర్మం.

పాఠాంతరం, అలంకారం

"గాసునూనెతోడ" అని కొందరి పాఠం. మాట అచ్చంగా తెలంగాణది, కాని "గ్రీ"కి "గా" యతి చెల్లదు. యతి చెల్లకపోయినా జిడ్డు వదులుతుంది గనుక దుకాణంలో అదే పాఠం నిలిచింది. నాలుగో పాదంలో పూయడం రెండు అర్థాల్లో రావడం యమకం. మనిషి పూయకపోతే ఇనుమే పూస్తుందని చమత్కారం.

ఫలశ్రుతి

చదివినా విన్నా పుణ్యం రాని పద్యమిది. వరస తప్పక చేసినవారికి ఒక పళ్లచక్రం దక్కుతుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని చేసినవారికి చక్రంతోపాటు చేతులూ కళ్లూ దక్కుతాయి.