తాళంచెవి పెత్తనం

అద్దెకిచ్చాక కూడా కొందరు ఓనర్లకు ఇంటి మీద బెంగ తీరదు. ‘కుళాయి కారుతోందేమో’ అంటూ చొరబడి, పొయ్యి మీద ఉడికేది కూరగాయో కోడో తేల్చుకుని, గోడకు కొట్టిన మేకులు లెక్కపెట్టుకుని మరీ దిగుతారు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ తనిఖీలకు ఓ పద్ధతి పెట్టింది. కనీసం 24 గంటల ముందు నోటీసివ్వాలి. అందులో కారణం, రోజు, వేళ ఉండాలి. పొద్దు పొడవకముందు, పొద్దుగూకాక గడప తొక్కకూడదు.

‘ఇల్లు నాది, పాడైతే నష్టం నాకే కదా’ అంటారా? నిజమే. అందుకే మరమ్మతులకూ, ఇల్లెలా ఉందో చూసుకోవడానికీ చట్టం తలుపు తెరిచే ఉంచింది. చెప్పాపెట్టకుండా దూరడాన్నే కాదంది. నష్టం పూడ్చుకోవడానికి అడ్వాన్సు ఎటూ ఓనరు గుప్పిట్లోనే ఉంది. నోటీసంటే పెద్ద తతంగమా అంటే, ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా చెల్లుతుంది. చిక్కల్లా ఒక్కటే: రాష్ట్రాలు తమ శాసనంగా చేసుకుంటేనే ఈ నమూనాకు కోరలు. అందాకా ఆ 24 గంటల షరతును అద్దె ఒప్పందంలోనే రాయించుకోవడం మేలు. నెలనెలా అద్దె అందుకునే చేతికి కాలింగ్ బెల్ నొక్కడం అంత బరువా?